నేల పెరిగిన ఏడు

ఏదీ, ఆ ఫోను ఇంకాస్త ఇటు తిప్పు తల్లీ, వెలుతురు పడి నాకేమీ కనబడటం లేదు. ఆఁ, ఇప్పుడు ఆపు. కొంచెం వెనక్కి. అదిగో, అక్కడ. ఎవరీ పిల్ల? నీ దగ్గర కొత్తగా చేరిందా? రెండేళ్ళ నుంచీ ఉందా! బాగా పరిగెడుతోందే. మోకాలు చూడు, ఎంత తేలిగ్గా లేస్తోందో. టైము రావట్లేదా? ఎంతొస్తోంది? పోయినేడు కంటే పావు సెకను ఎక్కువా... సీజను మొదలై మూడు వారాలేగా అయ్యింది, అప్పుడే ఏం కొంప మునిగిందని? ఏంటీ, పేరు కొట్టేస్తావా? ఆగాగు. ఆ పెన్ను కింద పెట్టు ముందు. పెట్టమంటున్నానా! తల ముందే లేపేస్తోందంటావు, చేతులు అడ్డంగా ఊపుతోందంటావు. తల్లీ, సరిగ్గా ఈ మాటలే నేనూ అన్నాను. నీకంటే గట్టిగా అన్నాను. అప్పుడు గీతల బాబాయి నా గాలి తీసేశాడులే. నీకెప్పుడూ చెప్పలేదా ఆయన గురించి? చెప్పే ఉంటాను. చెప్పలేదా? సరే, అలా కుర్చీ లాక్కుని కూర్చో.

గీతల బాబాయంటే నాకేమీ బాబాయి కాదు, ఊరందరికీ బాబాయే. మా గ్రౌండులో పనిచేసేవాడు. నేను డ్రిల్లు మాస్టారుగా చేరి నాలుగేళ్ళవుతోంది, ముప్పై కూడా నిండలేదు, మెడలో స్టాప్ వాచీ, నోట్లో విజిలు, ఇక చూస్కో, కళ్ళు నెత్తిమీదే ఉండేవి. ఆయనకి యాభై దాటాయి. మనిషి పొట్టి, చేతులెప్పుడూ సున్నంతో తెల్లగా, గోళ్ళ సందుల్లో కూడా సున్నమే. గ్రౌండులో గీతలన్నీ ఆయన గీసినవే. తాడు కట్టి, వంగి, సున్నం డబ్బా పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకి నడిచాడంటే గీత ఎక్కడా చిటికెన వేలంత వంకర తిరిగేది కాదు. "ఇరవై రెండేళ్ళు మాస్టారూ, నా గీత మీద ఇంతవరకు ఒక్కరు వేలెత్తి చూపలేదు" అనేవాడు. గొప్ప కోసం అనేవాడు కాదు. నీకు పళ్ళెన్ని ఉన్నాయో నువ్వు చెప్పినట్టు చెప్పేవాడు. అయితే అది కాదు ఆయన అసలు పని. అసలు పనేంటంటే, రోజూ పొద్దున్నే ఒక్క వరసలో మట్టి తడిపి, పళ్ళ దంతెతో గీసి, మెత్తగా చదును చేసి పెట్టేవాడు. పిల్లలు దాని మీదే పరిగెత్తాలి. వాళ్ళు పరిగెడుతుంటే నేను వాచీ చూసేవాణ్ణి, ఆయన వాళ్ళకేసి చూసేవాడే కాదు! అటు తిరిగి నిలబడేవాడు. పరుగయ్యాక వెళ్ళి నేల చూసేవాడు. ఇప్పుడు మీరు ఫోన్లో నెమ్మదిగా తిప్పి తిప్పి చూస్తున్నారే, ఆయన కాలిముద్రల్లో చూసేవాడు అదంతా. మునివేళ్ళు ఎంత దిగాయి, మడమ తగిలిందా లేదా, ఏ అడుగు పొట్టిదయ్యింది. ఒకసారి ఒకడి ముద్రలు చూసి, "వీడికి కుడి తొడ పట్టేసింది, దాస్తున్నాడు" అన్నాడు. వాడు ఒప్పుకోడే! మర్నాడు మెట్లు దిగలేక రెయిలింగు పట్టుకుని నిలబడిపోయాడు. నవ్వుతావేం, నిజంగానే.

ఏం చెప్తున్నాను? ఆఁ, బొంగరం. బొంగరం అని మేమే పెట్టాం ఆ పిల్లకి పేరు, ఒక్కచోట నిలబడేది కాదు. లైన్లో నిలబెడితే కూడా ఒంటికాలి మీద గిరగిరా తిరుగుతుండేది. పదిహేడేళ్ళు. వాళ్ళమ్మ బట్టలు కుట్టేది, ఇంటి ముందు గదిలో రెండు మిషన్లు. పోయినేడు వంద మీటర్లు పన్నెండు పాయింట్ ఆరులో కొట్టింది. పెద్ద పోటీలకి పంపాలంటే పన్నెండు పాయింట్ ఏడు లోపు ఉండాలి, అదీ వర్షాలయ్యాక, మా గ్రౌండులోనే, మా ఆఫీసరు సంతకం పెట్టే కాగితం మీద. వాళ్ళమ్మ నా దగ్గరికొచ్చి మొహం మీదే చెప్పేసింది: "మాస్టారూ, మీ మీద గౌరవంతో మూడేళ్ళు ఊరుకున్నాను. ఈసారి పేరు రాకపోతే అది నా పక్క మిషను మీద కూర్చుంటుంది. గెంతులు చాలు." ఆవిడ తప్పు కూడా లేదు. ఒక్క మనిషి కుడితే ఆ ఇల్లు గడవాలి. పిల్ల గుమ్మం అవతల నిలబడి వింటోంది. ఆ రోజొక్కటే అది కదలకుండా నిలబడటం నేను చూడటం.

సరే, వర్షాలు తగ్గాయి. గీతలన్నీ కొట్టుకుపోయాయి కదా, మళ్ళీ కొలిచి గీయాలి. మా టేపు యాభై మీటర్లది. పేరుకి యాభై గానీ, మొదటి మీటరు ఎప్పుడో తెగి ఊడిపోయింది. కొత్తది అడిగితే వచ్చేది కాదు. అందుకని బాబాయి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. మొదటి కొస ఇంకొకళ్ళు మేకు దగ్గర పట్టుకోవాలి, చివరి కొస దగ్గర ఆయన ఒక మీటరు బద్ద పెట్టి ఆ తెగినంతా కలిపేసేవాడు. అలా రెండుసార్లు వేస్తే వంద. అర్థమైందా? ఎప్పుడూ వాచ్‌మన్ పట్టుకునేవాడు ఆ మొదటి కొస. ఆ ఏడు వాడికి జ్వరం, ఇంకెవరో పట్టుకున్నారు. ఎవరైతే ఏంలే, చెప్పనీ ముందు.

మొదటి రోజు పరిగెత్తించాను బొంగరాన్ని. పన్నెండు పాయింట్ తొమ్మిది! వర్షాల్లో కూర్చుని తిని ఒళ్ళు బరువెక్కిందిలే అనుకున్నాను. రెండో రోజు తొమ్మిది, మూడో రోజు తొమ్మిది. మిగతా పిల్లలు కూడా నెమ్మదిగానే ఉన్నారు గానీ, వాళ్ళు ఏటా సీజను మొదట్లో అంతే, నేను పట్టించుకోలేదు. నా కళ్ళన్నీ దీని మీదే. ఇక మూడు వారాల పాటు వెతికాను తప్పులు. తల తొందరగా లేపుతున్నావన్నాను. గడ్డం గుండెకి ఆనించుకుని పరిగెత్తింది పాపం. చేతులు అడ్డంగా ఊగుతున్నాయన్నాను, మోచేతులు పక్కటెముకలకి అంటించుకుంది. అప్పటికీ తగ్గకపోతే స్టార్టింగులో కాలి గుంటలు మార్పించేశాను, ఎడమ కాలు ముందుండేదాన్ని కుడికాలు ముందు పెట్టమన్నాను. ఏమైంది? పదమూడు పాయింట్ ఒకటి. పెరిగింది! "ఏడ్చినట్టుంది నీ పరుగు" అని అందరి ముందూ అరిచాను. అది ఏడవలేదు. "ఇంకోసారి పరిగెత్తనా సార్?" అంది. నువ్వు ఇందాక ఈ పిల్ల గురించి విసుక్కున్నావు చూడు, అలాగే విసుక్కుని, "ఎన్నిసార్లు పరిగెడితే ఏం లాభం" అన్నాను. గదిలోకెళ్ళి లిస్టు తీసి, దాని పేరు మీద గీత కొట్టేశాను. ఇప్పటికీ ఆ పెన్ను చప్పుడు నాకు గుర్తే.

బాబాయి గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. "మాస్టారూ, ఒకసారి వస్తారా" అన్నాడు. ఇప్పుడు కుదరదన్నాను. "వస్తారా" అన్నాడు మళ్ళీ, అంతే మెల్లగా. వెళ్ళాను. నేల మీద తాడు లాగి ఉంచాడు, మొదటి మేకు నుంచి చివరి మేకు దాకా, బొంగరం ముద్రల మధ్యలోంచి. "చూడండి. చేతులు అడ్డంగా ఊగితే అడుగులు అటూ ఇటూ పడాలా వద్దా? ఏవీ? తాడుకి ఈ పక్క జానెడు, ఆ పక్క జానెడు, చివరిదాకా అంతే. తల ముందే లేస్తే మొదటి పది అడుగుల్లో మడమ తగలాలి. ఎక్కడన్నా తగిలిందా? మూడో అడుగొక్కటే తడబడింది, అది మీరు కాలు మార్పించినందుకు. బాగున్న కాలికి కట్టు కడతారేంటండీ?" నాకు ఒళ్ళు మండింది. "అయితే వాచీ అబద్ధం చెబుతోందా?" అన్నాను. ఆయన వెళ్ళి ఒక కర్ర తెచ్చాడు. దాని మీద గాటు పెట్టి ఉంది, పోయినేడు బొంగరం నిండు పరుగులో అడుగు పొడవన్నమాట. చివరి పాతిక అడుగుల దగ్గరా ఆ కర్ర పెట్టుకుంటూ నడిచాడు. వెంట్రుకవాసి తేడా లేదు. తర్వాత షెడ్డులోకి తీసుకెళ్ళి తలుపు లోపలి వైపు చూపించాడు. బొగ్గుతో రాసుకున్నాడు, ఏ పిల్లకి వందకి ఎన్ని అడుగులని. బొంగరం దగ్గర యాభై నాలుగు. "మీరు కాలు మార్పించక ముందు మూడు రోజులూ లెక్కపెట్టాను. యాభై అయిదు పడుతున్నాయి. అడుగు పొట్టిదైతే లెక్క పెరగాలి, నిజమే. కానీ అడుగు అదే ఉంది కదా మాస్టారూ. అడుగు అదే ఉండి, లెక్క పెరిగిందంటే..." ఆయన మొహం సున్నం కంటే తెల్లగా అయిపోయింది. "నేల పెరిగింది" అన్నాడు.

ఇద్దరం ఆ బద్ద ఒక్కటే పట్టుకుని, మోకాళ్ళ మీద పాక్కుంటూ కొలిచాం, వందసార్లు. నూట రెండు మీటర్లుంది! రెండు మీటర్లు. పన్నెండున్నరలో పరిగెత్తే పిల్లకి రెండు మీటర్లంటే ఎంత? నువ్వే చెప్పు, లెక్కలు నీకు బాగా వచ్చు. ఆఁ, పావు సెకను. పాపం ఆ పిల్ల మూడు వారాల పాటు ఎప్పటిలాగే పరిగెత్తింది తల్లీ, దాన్ని పట్టుకుని నేను తిట్టాను. ఆయన లేచి, మోకాళ్ళు దులుపుకుని, తిన్నగా ఆఫీసరు గదికి నడిచాడు. నేను వెనకే పరిగెత్తాను. ఆ ఆఫీసరు సంగతి చెప్పాలా, నిలబడ్డ మనిషిని కూర్చోమని అన్న పాపాన పోలేదు ఎప్పుడూ. బాబాయి చేతులు కట్టుకుని, "అయ్యా, నా గీత రెండు మీటర్లు పెరిగింది. తప్పు నాది. ఆ పిల్లని రేపు మళ్ళీ పరిగెత్తించండి" అన్నాడు. ఆఫీసరు, "ఇరవై రెండేళ్ళ నుంచి ఇదేనా నువ్వు వెలగబెడుతున్నది? రేపటి నుంచి సున్నం డబ్బా ముట్టుకోకు. గేటు దగ్గర కూర్చో" అన్నాడు. "అలాగేనయ్యా, పరుగు మాత్రం రేపే పెట్టించండి" అన్నాడు ఈయన. అంతే.

మర్నాడు సరిచేసిన గీతల మీద, పాత గుంటల్లో ఎడమ కాలు ముందు పెట్టుకుని పరిగెత్తింది. ఆఫీసరే పట్టుకున్నాడు వాచీ. పన్నెండు పాయింట్ ఆరు! అబ్బ, ఆ పరుగు నువ్వు చూడాల్సింది. కాలు నేలకి తగిలిందో లేదో కూడా తెలియలేదు. నేను ముద్రలు లెక్కపెట్టాను, నా జన్మలో మొదటిసారి. యాభై నాలుగు. తల తిప్పి చూస్తే బాబాయి గేటు దగ్గర స్టూలు మీద, అటు తిరిగి కూర్చుని ఉన్నాడు. ఎప్పటిలాగే. పెద్ద పోటీల్లో మూడోదిగా వచ్చింది బొంగరం. తిరిగొచ్చి నా దగ్గరికి రాలేదు, తిన్నగా గేటు దగ్గరికెళ్ళి, వీపు మీద కట్టుకున్న నంబరు గుడ్డ విప్పి ఆయన చేతిలో పెట్టింది. సున్నం లేని చేతులు. వాళ్ళమ్మ ఆ గుడ్డకి అంచు కుట్టి పంపిందట తర్వాత, చిరిగిపోకుండా. నీకు పరుగు నేర్పిన మేడమ్ ఉంది చూడు, ఆవిడకి నేర్పింది ఈ బొంగరమే. అదీ సంగతి! నువ్వెక్కడి నుంచి వచ్చావో తెలిసిందా? మామూలు చోటు నుంచి రాలేదు.

ఏడాది కూర్చోబెట్టారు ఆయన్ని గేటు దగ్గర. గీతలు నన్ను గీయమన్నారు. "మాస్టారూ, ఆ మూడో గీత నిద్రలో గీశారా?" అని గేటు నుంచే అరిచేవాడు. ఆయన పోయి ముప్పై ఏళ్ళు దాటింది. అలాంటి కన్ను మళ్ళీ నేను చూడలేదు. నా కన్ను కూడా మంచిదే అంటారు అందరూ, కానీ అది ఆయన పెట్టిందే.

ఏంటీ? రెండు మీటర్లు ఎలా పెరిగాయంటావా? వదలవు కదా నువ్వు. చెప్పాగా, తెగిన మీటరుకి ఆయన చివర్లో బద్ద కలిపేవాడని. ఆ ఏడు మొదటి కొస పట్టుకున్నవాడు కూడా కలిపాడు. టేపు తెగి ఉందని తనొక్కడికే తెలిసినట్టు, తెలివిగా, మేకు దగ్గర ఇంకో బద్ద పెట్టాడు, చెప్పకుండా. రెండుసార్లు వేశారు, రెండుసార్లూ పెట్టాడు. మోకాళ్ళ మీద కొలిచిన రోజు ఆ బద్ద ఇంకా మేకు పక్కనే పడి ఉంది తల్లీ. బాబాయి దాన్ని చూశాడు. తీసి చంకలో పెట్టుకున్నాడు. పట్టుకున్నవాడి వైపు చూడలేదు. ఆఫీసరు గదిలో వాడు పక్కనే నిలబడి ఉన్నాడు, నోరు తెరవలేదు. తర్వాత ఒకసారి చెప్పాలని గేటు దాకా వెళ్ళాడు కూడా. "బాబాయ్, ఆ రోజు..." అనగానే, "మీ మాట విని పరిగెత్తాలి కదండీ పిల్లలు" అన్నాడాయన, "ఇవాళ దాని ఎడమ అడుగు చూశారా, ఎంత బాగా పడుతోందో" అని మాట మార్చేశాడు.

...

మీది కూడా మట్టి గ్రౌండే కదూ? వర్షాలయ్యాక మీరే కొలిచి గీశారా? అయితే లే. ఆ టేపు తీసుకురా. సున్నా వైపు నేను పట్టుకుంటాను.