చెంచాలెక్కడ?

పెన్సిల్వేనియాలో గ్రేస్‌టన్ ఊరు. రైలు పట్టాల పక్కన చివరి ఇల్లు, వంటగది. జనవరి, సోమవారం, ఉదయం ఆరున్నర. ఇల్లు మిలాన్ హ్లాడిక్‌ది, డెబ్బై నాలుగేళ్లు. బల్ల దగ్గర ఓపల్ గ్రీర్, పదకొండేళ్లు.

“చెంచాలెక్కడ?”

“పొయ్యి పక్కన రెండో సొరుగు.”

“ఫోర్కులు?”

“అదే సొరుగు, ఎడమవైపు.”

“సొరుగులో ఇంకేముంది?”

“చెంచాల కింద కాగితాలు. మీవి.”

“వాటితో మనకు పని లేదు. కాఫీ కప్పులు?”

“గోడకు కొక్కేలకి. పిడి విరిగింది ఐరీన్ గారిది. దాన్నెవరూ ముట్టుకోరు.”

“ఐరీన్ గారేంటి? అమ్మమ్మ అను.”

“అమ్మమ్మది.”

“మరి నేను?”

“మిస్టర్ హ్లాడిక్.”

“పిల్లా.”

“తాత. తాత. తాత. శనివారం నుంచి వందసార్లు అన్నాను. మీ ముఖం చూస్తే నోట రావట్లేదు.”

“నా ముఖం చూడకు. గోడ చూసి అను. మెట్లలో చప్పుడు చేసేదేది?”

“నాలుగోది. పదకొండోది కూడా.”

“పదకొండోది చెయ్యదు.”

“చేస్తుంది. మీరు దాన్ని తొక్కరు, దాటేస్తారు. అందుకే మీ మోకాలు నొప్పి.”

“నా మోకాలి సంగతి బడి నుంచి తనిఖీకొచ్చే ఆవిడ అడగదు. నీ పళ్ల బ్రష్షు?”

“పసుపుది. తడి చేశారా?”

“చేశాను.”

“తడి చేస్తే చాలదు. నేలకేసి నాలుగుసార్లు రుద్దాలి. కొత్త బ్రష్షు పళ్లు నిటారుగా ఉంటాయి. ఆవిడ చూస్తుందట. మా క్లాసులో డెరెక్ వాళ్లింట్లో చూసింది.”

“వాడేమయ్యాడు?”

“మర్నాడే వెల్డన్ బడికి పోయాడు. వాళ్లు ఉండేది పట్టాలవతలేగా, మాలాగే. అవతలివాళ్లకి వెల్డన్ బడే.”

“గుడ్డు తిను.”

“నన్నూ పంపేస్తారు కదా?”

“తినమన్నాను.”

“వెల్డన్ బడిలో బ్యాండు లేదు. మాస్టర్ని తీసేసి ఆ గదిలో విరిగిన కుర్చీలు పడేశారు. నేనూదే పెద్ద బాకా, ఆ ట్యూబా ఏమో గ్రేస్‌టన్ బడిది. తిరిగిచ్చేయాలి. ఏప్రిల్‌లో కచేరీ. అందులో పన్నెండు వరసలు నేనొక్కదాన్నే ఊదాలి. ఇంకెవరూ ఊదరు. అందరూ నన్నే వింటారు.”

“రోజూ వింటున్నాను. ఆవు ఈనుతున్నట్టుంటుంది.”

“మొన్న రైలన్నారు.”

“మొన్న రైలు. నిన్నటికి ఆవు. బాగుపడుతున్నావు.”

“మిస్టర్ హ్లాడిక్.”

“గోడ చూడు.”

“తాతా. నా మీద ఫిర్యాదు ఎవరు రాసుంటారు?”

“ఎవడో.”

“ఎవడో అంటే?”

“పొద్దుపోని వెధవ ఎవడో.”

“ముసలివాడా?”

“ముసలివాడే ఎందుకవ్వాలి?”

“పొద్దుపోక అన్నారుగా.”

“పక్కింటి కెస్లర్ రాసుంటాడు. వాడి కుక్క మీద నేను రాశానని కడుపుమంట.”

“మీరు కుక్క మీద కూడా రాశారా?”

“కూడా ఏంటి, కూడా?”

“ఏం లేదు. చెత్తబండి మీద రాశారు. వీధి దీపం మీద రాశారు. మీరే చెప్పారు. ఆ రాసినవాడు దొరికితే ఏం చేస్తారు?”

“ఏం చేస్తాను. ఉప్పందుకో.”

“ఉప్పు మీ చేతిలోనే ఉంది.”

“తలుపు కొడుతున్నారు.”

“ఏడింటికొస్తానందిగా. ఇంకా పావుగంట ఉంది.”

“అందుకే ఇప్పుడొచ్చింది. నేను తీస్తాను. నువ్వు ఈ ఇంట్లోనే పుట్టినట్టు కూర్చో.”

“పుట్టినట్టు ఎలా కూర్చుంటారు?”

“మోచేతులు బల్ల మీద పెట్టు. చాలు.”

“హ్లాడిక్ గారేనా? నా పేరు విల్మా డఫీ. గ్రేస్‌టన్ బడి జిల్లా నుంచి వచ్చాను. పిల్లలు చెప్పిన చిరునామాలో ఉంటున్నారో లేదో చూడటం నా పని.”

“తెలుసు. మీ బూడిదరంగు కారు మూడు రోజులుగా మా వీధిలోనే కాపురముంది.”

“లోపలికి రావచ్చా?”

“కాళ్లకు మంచు దులుపుకుని రండి.”

“నువ్వేనా ఓపల్?”

“అవునండీ.”

“రాత్రి నిద్ర పట్టిందా?”

“పట్టిందండీ. మెట్లే చప్పుడు చేస్తాయి. నాలుగోది. పదకొండోది కూడా.”

“మెట్ల సంగతి నేనింకా అడగలేదే.”

“చెంచాలు రెండో సొరుగులో ఉన్నాయండీ.”

“మంచిది. నేను కాఫీలో చక్కెర వేసుకోను. సరే, ఇల్లు నీకు నోటికొచ్చినట్టే ఉంది. ఇక ఈయన్ని అడుగుతాను.”

“నన్నా? నన్నేం అడుగుతారు? ఇల్లు నాది. ముప్పై తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను.”

“ఇంటి గురించి కాదు, పిల్ల గురించి. పుట్టినరోజెప్పుడు?”

“మార్చిలో.”

“ఏ తారీకు?”

“చివర్లో. చలిగా ఉంటుంది.”

“ఆగస్టు తొమ్మిది, తాతా.”

“ఆ ఏడు ఆగస్టు చలిగా ఉండింది.”

“సరే. క్లాసు టీచరెవరు?”

“ఎవరో ఎర్రజుట్టావిడ.”

“మిస్టర్ ఓడమ్, తాతా. ఆయనకి జుట్టే లేదు.”

“ఉన్నప్పుడు ఎర్రగా ఉండేదేమో.”

“హ్లాడిక్ గారూ, పిల్ల మధ్య పేరేంటి?”

“మధ్యలో పేరెందుకు? రెండు చివర్లా ఉన్నాయిగా.”

“ఏదైనా తింటే ఒంటికి పడదా?”

“ఒంటికి అన్నీ పడతాయి. నోటికే పడవు. బఠాణీలు తినదు. తినలేదని చెప్పదు. ఒక్కొక్కటే ఏరి, నాప్‌కిన్‌లో చుట్టి, నా కోటు జేబులో పెడుతుంది. నేను బజారుకెళ్లి చిల్లర కోసం చెయ్యి పెడితే బఠాణీలొస్తాయి.”

“నేనా?”

“నువ్వు కాకపోతే కెస్లర్ కుక్కా? డఫీ గారూ, ఎడమకాలి మేజోడు ఎప్పుడూ తిరగేసి వేసుకుంటుంది. చెబితే, అదే దాని అదృష్టమంటుంది. బాకా ఊదేటప్పుడు పన్నెండు వరసల్లో తొమ్మిదో దాని దగ్గర ఊపిరి చాలదు. ఎనిమిది చివర పీల్చమంటాను. పీల్చదు. మొండి. ఇవన్నీ రాసుకోండి.”

“రాసుకుంటున్నాను. గది చూడాలి.”

“పైన ఉంది.”

“ఇది నాలుగో మెట్టా?”

“అవునండీ. వినండి. తరవాత పదకొండోది.”

“విన్నాను. హ్లాడిక్ గారూ, మీరు దాన్ని దాటేశారే.”

“మోకాలు.”

“ఇదా గది? కుట్టుమిషను ఎవరిది?”

“నా భార్యది. అది తియ్యను.”

“తియ్యమనలేదు. మంచం బాగుంది. దుప్పటికి కొట్లో పెట్టిన మడతలింకా పోలేదు.”

“మెదలకుండా పడుకుంటుంది.”

“ధర చీటీ కూడా ఉంది.”

“చాలా మెదలకుండా పడుకుంటుంది.”

“ఓపల్, కిందికెళ్లి బూట్లేసుకో. నీ బస్సు వేళవుతోంది.”

“నేనూ ఉంటానండీ. తాతకి మోకాలు నొప్పి, దింపాలి.”

“వెళ్లు పిల్లా. ముప్పై తొమ్మిదేళ్లుగా నేనే దిగుతున్నాను.”

“వెళ్లింది. పదకొండు, నాలుగు, రెండూ మోగాయి. ఇక మనం మాట్లాడుకుందాం హ్లాడిక్ గారూ. ఈ పొద్దున ఆరుంపావుకి ఆ పిల్ల పట్టాల మీది వంతెన దిగి, మీ వెనక కంచె దూకింది.”

“ఎవరో పిల్ల అయ్యుంటుంది. చీకటి.”

“ట్యూబాతో సహా. మీరు పైజామాలో ఇవతల నిలబడి దాన్నందుకున్నారు. ఇరవై రెండేళ్లుగా ఈ పని చేస్తున్నాను. కంచె దూకిన పిల్లల్ని చూశాను. బాకాతో దూకిన పిల్లని చూడలేదు.”

“బాకా మూతి సొట్టపోయింది. నేనే సరిగ్గా పట్టుకోలేదు.”

“ఆమె మీ మనవరాలు కాదు.”

“కాదు.”

“ఎవరు?”

“వాళ్లమ్మ ఆసుపత్రి బట్టలుతికే చోట ఐరీన్ కింద పనిచేసింది. పోయినేడు ఐరీన్ నాకు చెప్పకుండా మీ కాగితాల మీద సంతకం పెట్టింది, అమ్మమ్మనని. జూన్‌లో పోయింది. సెప్టెంబరులో చూస్తే నా మెట్ల మీద ఎవరో పిల్ల, శవపేటికంత పెట్టె పక్కన పెట్టుకుని బస్సు కోసం కూర్చుంది.”

“అప్పుడేం చేశారు?”

“ఏం చేస్తాను.”

“తరవాత?”

“అక్టోబరులో వాన పట్టుకుంది. లోపలికి రమ్మన్నాను. పెట్టె తడుస్తుందని. అప్పట్నుంచి బడి వదిలాక ఏడింటి దాకా ఇక్కడే. తల్లిది రాత్రి పని. ఆ తరవాత పిల్ల ఇంట్లో ఒక్కతే పడుకుంటుంది. తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుంటానని గొప్పగా చెబుతుంది.”

“చూడండి. కాగితాల్లో అబద్ధముంది. అది నేను వదిలెయ్యలేను. కానీ రూలు చుట్టరికం అడగదు. బడి ఉన్న రోజుల్లో రాత్రి పిల్ల తల ఏ దిండు మీద ఆనుతుందో అదే ఆమె చిరునామా. తల్లి, మీరు నోటరీ ముందు ప్రమాణం చేసి, పోషణ మీదేనని రాసివ్వాలి. పిల్ల నిజంగా ఇక్కడుండాలి. అవతల వారంలో చెప్పకుండా వస్తాను. దుప్పటి నలిగి ఉండాలి.”

“ఈ గదిలో ఏడు నెలలుగా ఎవరూ పడుకోలేదు. మిషను దగ్గరే ఉండేది ఐరీన్.”

“ఇష్టం లేకపోతే చెప్పండి. పిల్లను ఈ రోజే వెల్డన్‌కి రాసేస్తాను.”

“ఇష్టం లేదని ఎవరన్నారు? మంచం అటు జరపాలి. కిటికీ దగ్గర చలి. అదీ నేనంటున్నది.”

“ఇంకొకటుంది. ఫిర్యాదు చేసినవాళ్లు వెనక్కి తీసుకుంటే గాని ఫైలు మూయను.”

“పేరు లేని ఉత్తరం కదా. ఏ ముసలాడో ఎలా పట్టుకుంటారు?”

“ముసలాడని నేననలేదే. పేరు లేదనీ అనలేదు.”

“కెస్లర్‌ని అడగండి.”

“సెప్టెంబరు పదహారున వచ్చింది. టైపు కొట్టిన ఉత్తరం. ‘నా మెట్ల మీద’ అని మూడుచోట్ల ఉంది. ఈ వీధిలో వాకిటికి మెట్లున్నది మీ ఒక్క ఇంటికే. పైగా ఒక అక్షరం పడ్డచోటల్లా వంకరగా పడింది. అంతకుముందు మా బస్సు హారన్ మీద వచ్చిన ఉత్తరంలోనూ ఆ అక్షరం అలాగే వంకర. దాని కింద మాత్రం మీ సంతకముంది.”

“నాలుగు నెలలు ఎక్కడ నిద్రపోయారు? రాసిన వారానికే రావాల్సింది.”

“వచ్చుంటే?”

“రాకపోవడమే మంచిదైంది. అప్పటికి నాకు తెలీదు.”

“ఏం తెలీదు? మీ ఆవిడ సంతకం సంగతా?”

“అదీ తెలీదు. ఆ పిల్ల పేరూ తెలీదు.”

“వెనక్కి తీసుకుంటున్నానని ఇక్కడ సంతకం చెయ్యండి. ఈసారి పేరుండాలి. తల్లి అడిగితే ఈ ఫైలు చూపించాల్సిందే. అదీ చెబుతున్నాను.”

“పిల్లకి తెలుస్తుందా?”

“మీరు చెబితే.”

“కలమివ్వండి.”

“ఇదిగో. మీకు ప్రశ్నల్లో సున్నా వచ్చింది హ్లాడిక్ గారూ. దొంగ చిరునామాల వాళ్లు పుట్టినరోజెప్పుడూ తప్పు చెప్పరు, రాత్రంతా బట్టీ పడతారు. బఠాణీల సంగతి మాత్రం ఇన్నేళ్లలో ఒక్కరూ చెప్పలేదు. వస్తాను. నాలుగో మెట్టుకి మేకు కొట్టించండి.”

“కొట్టించను. ఇప్పుడు దాంతో పని పడింది. ఎవరు దిగుతున్నారో తెలియాలి.”

“తాతా. ఆవిడ వెళ్లిపోయిందా?”

“వెళ్లింది. తాతా అనక్కర్లేదిప్పుడు.”

“నేను వెల్డన్ వెళ్లాలా?”

“వెళ్లక్కర్లేదు. ఈ రాత్రి నుంచి ఇక్కడ పడుకో. శని ఆదివారాలు మీ అమ్మ దగ్గర. మీ అమ్మని సాయంత్రం రమ్మను, సంతకాలున్నాయి.”

“నిజంగా పడుకోవాలా?”

“అబద్ధంగా నాలుగు నెలలు పడుకున్నావుగా. అంతకన్నా సులువు.”

“ట్యూబా కూడానా?”

“అది మంచం కింద. రాత్రి ఎనిమిది దాటితే ముట్టుకోకూడదు.”

“తొమ్మిది.”

“ఎనిమిదిన్నర. ఓపల్, కూర్చో. ఒక మాట చెప్పాలి.”

“బస్సొచ్చే వేళైంది.”

“రానీ. ఆ ఉత్తరం. నీ మీద రాసిన ఆ పొద్దుపోని వెధవ...”

“నా పెట్టెని శవపేటిక అన్నాడు, రెండో పేరాలో. అదొక్కటే బాగాలేదు. మిగతా అంతా తప్పుల్లేకుండా రాశాడు.”

“నీకెవరు చెప్పారు? ఆ డఫీయా?”

“ఎవరూ చెప్పలేదు. చెంచాల కింద నకలుంది. శనివారం ప్రతి సొరుగూ తెరిచి చూసి బట్టీ పట్టమన్నది నువ్వే కదా, తాతా.”