జేబులో ఫ్యూజు

ఆ కుర్చీ ఇటు లాక్కో, కట్టున్న కాలు ఈ పీట మీద పెట్టు. ఏమిటీ, మీ తాత సంగతా? ఇన్నాళ్ళకి గుర్తొచ్చాడన్నమాట మా అన్నయ్య. ఓహో, డాక్టరమ్మ అడిగిందా, మీ ఇంట్లో ఇదివరకు ఎవరికన్నా ఉందా అని. ఏదో పేరన్నావు, ఏడీహెచ్‌డీ... ఆఁ, అదే. మా రోజుల్లో దానికి పేరూ ఊరూ ఏం లేదు. కుదురు లేదనేవాళ్ళం, అక్కడితో సరి. మీ తాత ఉన్నచోట కాసేపు కూర్చుంటే ఒట్టు. గడ్డం సగం గీసుకుని, పక్కింట్లో రేడియో గొణుగుతోందని వెళ్ళి దాన్ని విప్పేవాడు. ఆ సగం గడ్డంతోనే పనిలోకి వచ్చేవాడు. మా వదిన, అదే మీ నానమ్మ, అనేది: "మీ అన్నయ్యని సబ్బు తెమ్మంటే నిచ్చెన తెచ్చాడయ్యా. దారిలో ఎవరో అమ్ముతుంటే కొన్నాడట. ఇప్పుడా నిచ్చెనతో ఒళ్ళు రుద్దుకోనా?" అంటూనే నవ్వేది. ఆయన మీద కోపం నిలబెట్టుకోవడం ఎవరి వల్లా అయ్యేది కాదు.

ఇద్దరం బిస్కెట్ల ఫ్యాక్టరీలో చేసేవాళ్ళం. నేను కింద పొయ్యిల దగ్గర, ఆయన ఎలక్ట్రీషియను. అప్పటి బిస్కెట్టు కొరికితే పక్క గదిలోకి వినపడేది, ఇప్పటివి అట్టముక్కలు. సర్లే. ఏం చెబుతున్నాను? ఆఁ, పని. పనిలో మాత్రం మహా జాగ్రత్త, అది చెప్పుకోవాలి. వైరు ముట్టుకునే ముందు ఆ బోర్డులో ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకునేవాడు. స్విచ్చి ఆపితే చాలదు, ఎవడో తెలియక వేసేస్తాడు. ఫ్యూజు మన జేబులో ఉంటే ఎవడేం చేసినా కరెంటు రాదు. కొత్తగా చేరినవాళ్ళకి ఆయనే నేర్పాడిది. ఎప్పుడు చూసినా, వైరు మీద చెయ్యి వేసేముందు ఒకసారి జేబు తడుముకునేవాడు. ఆ రోజు పైఅంతస్తులో ప్యాకింగు హాల్లో ఫ్యాన్ల లైను బాగుచేస్తున్నాడు. అక్కడి ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. పని సగంలో ఏదో స్క్రూ కావాలని కిందికి దిగాడు. మా మేస్త్రీ ఒకడుండేవాడు, పగిలిన డప్పులాంటి గొంతు వాడిది. "పిండి కలిపే మోటారు ఆగింది, ఇది చూసి పోవయ్యా" అన్నాడు. అంతే, పైన పని మనసులోంచి ఎగిరిపోయింది. మోటారు దగ్గర కూర్చుని మూత విప్పాడు. నాతో ఏదో జోకు చెబుతున్నాడు. జేబు తడుముకున్నాడు. ఫ్యూజు ఉంది, కానీ అది పైఅంతస్తుది. చెయ్యి పెట్టాడు. నేనక్కడే ట్రేలు తుడుస్తున్నాను. ఆ జోకు పూర్తి కాలేదు.

ముప్పై రెండేళ్ళు ఆయనకి. మీ నాన్నకింకా మాటలు కూడా సరిగ్గా రాలేదు. మేనేజరొచ్చి చూసి, నిర్లక్ష్యం అన్నాడు. ఇంటికి పరామర్శకొచ్చినవాళ్ళూ అదే మాట. నిర్లక్ష్యమైతే జేబెందుకు తడుముకుంటాడమ్మా? అది అడగాలని ఎవరికీ తోచలేదు. మీ డాక్టరమ్మ చెప్పిందన్నావే, ఇది ఉన్నవాళ్ళు తొందరగా పోయే ప్రమాదం కాస్త ఎక్కువ, వైద్యం చేయించుకుంటే ముప్పు తగ్గొచ్చని... అందరూ పోతారని కాదులే. మా మేనమామ కూడా ఇదే బాపతు, ఎనభై దాటాక కూడా మమ్మల్నందర్నీ కాల్చుకుతిన్నాడు. నువ్వు మాత్రం బండి మీద పోతూ ఏదో కొట్టు బోర్డు చదువుతూ, ఆగున్న లారీని గుద్దావట. మీ నాన్న ఫోన్లో చెప్పాడు. మరి డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలెందుకు మానేసినట్టు? ఏమిటీ? వేసుకుంటే నువ్వు నువ్వులా ఉండటం లేదా? నవ్వే రావటం లేదా? ఊఁ. పడకపోతే ఆ ముక్కే డాక్టరమ్మకి చెప్పు, ఇంకోటేదో చూస్తుంది. నాకేం వైద్యం తెలుసు గనక. మీ తాతకా బెడద లేదు. పోయేదాకా ఆయన ఆయనలాగే ఉన్నాడు, నవ్విస్తూనే ఉన్నాడు. మొన్నొచ్చినప్పుడు మీ నాన్న నన్నడిగాడు, "బాబాయ్, నాన్న గొంతు ఎలా ఉండేది?" అని. అరవై మీదపడుతున్న మనిషి. కాస్త బొంగురుగా ఉండేదిరా అన్నాను. ఇంకా చెబుతానేమోనని చాలాసేపు కూర్చున్నాడు.

ఆ ఫ్యాను కాస్త తగ్గించు, నీ చేతికందుతుంది.