రసమట్టంలో బుడగ

ఏమ్మా కోరా, గాలి స్విచ్చు ఎటు నొక్కాలో నేర్చుకుంటున్నావా? మీ ఆయన ఊళ్ళోంచి గొట్టం తెచ్చేలోగా కాస్సేపు కూచో, నేనూ కూచుంటా. మా ఆయన ఆర్విల్‌కీ అచ్చం ఇలాంటి, లోపలే మంచం, పొయ్యి ఉన్న పాత ఇంటిబండే ఉండేది, డెబ్భై నాలుగులో చేసింది. వెనక చక్రాల దగ్గర చెరో పక్కా ఒక రబ్బరు గాలితిత్తి, పందిపిల్లంత. గాలి ఎక్కిస్తే బండి ఆ పక్క లేస్తుంది, వదిలితే కూలబడుతుంది. ఈ అరిజోనా ఎడారిలో చదునైన జాగా ఎక్కడుంది చెప్పు? బండి ఒరిగి నిలబడితే లోపలి గ్యాసు ఫ్రిజ్ పాడైపోతుందాయె. అందుకని ఎక్కడ ఆగినా ముందు పొయ్యి మీద, తాపీవాళ్ళు చదును చూసుకునే రసమట్టం పెట్టేవాడు. బుడగ మధ్యకొచ్చేదాకా నన్ను కాలు కదపనిచ్చేవాడు కాదు. యుమా దగ్గర ఒకసారి ఆరు గంటలు నిలబెట్టాడు. సర్లే, అరగంట. పక్కబండి డోరిస్ ఉండేది, ముక్కుతో మాట్లాడేది. "ఏం ఓపల్, నిన్ను చేసుకునే ముందు కూడా రసమట్టం పెట్టి చూశాడా మీ ఆయన?" అని అడిగేది. చూశాడనీ, ఎడమపక్కకి కాస్త ఒరిగానని తెలిసే చేసుకున్నాడనీ చెప్పేదాన్ని.

ఆ ఏడాది ఎడమ తిత్తిలో గాలి నిలిచేది కాదు. తెల్లారేసరికి బండి వెనక ఎడమపక్కకి కూలబడి ఉండేది, గోడ అడ్డం లేకపోతే నేను మంచం మీంచి మెక్సికో దాకా దొర్లిపోయేదాన్ని. గాలి ఎక్కడ పోతోందో పట్టాలంటే ఇద్దరుండాలి. ఒకరు లోపల స్విచ్చు దగ్గర కూచుని గాలి ఎక్కించాలి, ఇంకొకరు కిందకి దూరి అతుకుల మీద సబ్బునీళ్ళు పుయ్యాలి. నురగ లేచిందా, అక్కడే కన్నం. దూరే ముందు చట్రం కింద ఇనప స్టాండ్లు పెట్టాలి. గాలిని నమ్మి దూరే రకం కాదు ఆర్విల్. ఆ పొద్దున స్టాండ్లు డోరిస్ మొగుడు తీసుకెళ్ళాడు. తెచ్చుకుందాం ఆగమన్నాను. "ఐదు నిమిషాల పని. నువ్వుండగా నాకేం?" అన్నాడు. నువ్వుండగా అన్నాడమ్మా.

మా మధ్య ఉన్నవి మూడే మాటలు. లేపు, ఉంచు, దించు. లేపమన్నాడు, లేపాను. గాలి కొట్టే కంప్రెసర్ మోత. ఎంత మోతంటే... వద్దులే, మామూలు మోతే. నురగ కనబడిందనుకుంటా, కిందనించి ఒక్క మాట అరిచాడు. నాకు దించు అని వినపడింది. దించాను.

షెరిఫ్ ఆఫీసు పోలీసు వచ్చి ఏం జరిగిందమ్మా అంటే తిత్తి పగిలిందన్నాను. రాసుకున్నాడు. స్టాండ్లు ఎందుకు పట్టుకెళ్ళావని డోరిస్ బతికినన్నాళ్ళూ మొగుణ్ణి సాధించింది, ఆ పిచ్చివాడు తలొంచుకుని పడ్డాడు. నేను చూస్తూ ఊరుకున్నాను. బండి కొన్నవాడు తరవాత ఉత్తరం రాశాడు, తిత్తులు రెండూ బాగున్నాయట, ఒక్క అతుకు బిగిస్తే సరిపోయిందట. కిందున్న మనిషి దించమని ఎందుకంటాడే? ఆ ఆలోచన నాకూ వచ్చింది. చెయ్యి కదిలాక వచ్చింది. ముప్ఫై ఎనిమిదేళ్ళైంది, ఎవరికీ చెప్పలేదు. నేను ఏం చెప్పినా నువ్వు సగం కొట్టేసి వింటావని నాకు తెలుసు. ఇందులో ఏదీ కొట్టెయ్యకు.

అదేంటి, ఆ దుమ్ములో వచ్చేది మీ కారేనా? నన్నలా చూడకు. లే, నా బండి పక్కన స్టాండ్లున్నాయి. నాలుగూ పట్టుకురా.