బిల్లు లేని సీసా

బిల్లు కొట్టకపోతే ఏమైతదంటివి గద, ఉమేషూ. చూడు, గిదే అయితది.

షట్టర్ ఎందుకు దించుతున్నవ్? ఎత్తు. అమరచింత మొత్తం చూడనీ, ఈ మెడికల్ షాపుల వదినె మరిదిని ఎట్ల తిడుతుందో. సిగ్గయితుందా? నిన్న అంగడి నాడు యాడికి పోయింది ఆ సిగ్గు?

పొద్దుగాల కంప్యూటర్ తెరవంగనే ఎర్రగ అక్షరాలు. పిల్లల దగ్గుమందు, ఫలానా బ్యాచు, అమ్మకం ఆపాలె, కిడ్నీలు ఖరాబు చేస్తుందని గవర్నమెంటోళ్లు వద్దన్నరు. చదువంగనే అల్మార కాడికి ఉరికిన. మీ అన్న పోయినంక ఈ షాపు పట్టుకున్ననాడు మందుల పేర్లకు నాకు నోరు తిరగకపోయేది. డబ్బాల్లో చీటీలు ఒక్కొక్కటి చదువుకుంట, డిక్షనరీ పక్కన పెట్టుకొని నేర్చుకున్న. కిడ్నీ ఖరాబంటే చంటిపోరనికి ఏమైతదో నాకు తెల్వదా?

ఆ కంప్యూటరే నయం. బ్యాచు నంబరు కొట్టంగనే ఎవరెవరికి అమ్మినమో, పేరు, ఫోన్ నంబరు తీసి ముందల పెట్టింది. నువ్వేమో అది దండుగ అంటివి. పాత తీర్గ పుస్తకాలు తిరగేసుకుంట కూసుంటే ఈపాటికి పిల్లలు దవాఖానల ఉందురు.

అందరికి ఫోన్ కొట్టిన. ఒకాయన పొలం కాడి నుంచే ఇంటికి ఫోన్ చేసి పారబోయించిండు. కుల్సుమ్‌బీ అయితే మూత తీయని సీసా పట్టుకొచ్చి, విషం అమ్ముతున్నవా అని గల్లా ముందల నిలవడి తిట్టింది. తిట్టనీ. తిట్టేటోళ్ల పిల్లలు బతికుంటరు.

ఇగ లెక్క చూస్తే ఒక్క సీసా తక్కువ. అల్మారల లేదు, బిల్లుల లేదు. నీ మొకంల ఉంది.

రష్ ఉండె, కంప్యూటర్ సుస్తుగ ఉండె, ఎవరో ఒకామె బస్సు పోతదని తొందర చేస్తే అట్లనే చేతికిచ్చిన అంటున్నవ్. ఎవరామె? తెల్వదు. ఏ ఊరు? తెల్వదు. చంకల పోరడు దగ్గుతుండె, గదొక్కటి తెలుసు. పైసలు గల్లాల పడ్డయా నీ జేబుల పడ్డయా అని నేను అడుగుత లేను. అది రేపటి ముచ్చట.

ఇప్పుడేమంటివి, మెల్లగ, పక్క షాపోడు వినకుంట? “వదినా, పగిలిపోయిందని కొట్టు, లెక్క సరిపోతది.”

సరిపోతది. ఎందుకు సరిపోదు? ఏ ఆఫీసరు వచ్చి చూసినా ఒక్క తప్పు దొర్కదు. అబద్ధం పెట్టినా, నిజం పెట్టినా కంప్యూటర్ తినేస్తది, ఇదేందని అడగదు. కాని సీసా పగల్లేదు గద, ఉమేషూ. ఎవరింట్లనో గూట్ల ఉంది. పొద్దుగాల ఒక చెంచా, మాపటికి ఒక చెంచా.

తల దించకు. జర నిజం చెప్త, విను. నువ్వు అనకముందే ఆ మాట నాకొచ్చింది. నువ్వు చాయ్‌కు పోయినప్పుడు, పగిలినవి అన్న కాడ ఒకటి అని కొట్టిన కూడ. ఇంకొక్క బటన్ ఒత్తితే అయిపోతుండె. లైసెన్స్ నా పేరు మీదుంది, అది పోతే ఏం జేసుకొని బతకాలె అని వేలు దాని మీదనే పెట్టుకొని చానసేపు కూసున్న. గంత నీతిమంతురాలిని కాదు నేను. నీ మీద గింత కోపం ఎందుకొస్తుందనుకున్నవ్ మరి?

చెరిపేసిన. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ సారుకు నేనే ఫోన్ చేసి, ఒక సీసా బిల్లు లేకుంట పోయింది, తప్పు మాదే అని చెప్పిన. సారు బయలెల్లిండు. లైసెన్స్ ఉంచుతడో గుంజుకుంటడో ఆయన ఇష్టం.

గా జలాలుద్దీన్ అన్న ఆటోకు మైకు కడుతుండు. ఆమె ఎక్కిన బస్సు ఆత్మకూరు దిక్కుదే గద, ఆ తొవ్వల ఊర్లన్నీ ఆ మందు తాపొద్దని చెప్పుకుంట తిరుగుతడు. షాపు పేరు చెప్పాల్నా అని పరేషాన్ అయిండు పాపం. చెప్పు, గట్టిగ చెప్పు అన్న. అయినా మైకుకేం తెలుసు? అది అరుస్తది గాని ఆమెను గుర్తుపట్టదు. ఆమె పనికి పోయి ఉంటే వినకపోవచ్చు. మందు పేరు చదవరాకపోవచ్చు.

కంప్యూటర్ల లేనిది నీ కండ్లల్ల ఉంది. ఆ మొకం చూసినోనివి నువ్వొక్కనివే.

లే. పోయి ఆటోల కూసో. బస్సు ఆగే ప్రతి కాడ దిగు. చంకల పోరడున్న ప్రతి ఆడామెను ఆపి అడుగు. తంతరా? తన్నించుకో. ఆ సీసా చేతికి రానిది ఈ షాపు మెట్టెక్కకు.