చేతుల నిండా అద్దం

మళ్ళీ అదే మాటా ఎస్సై సార్! జారిందా, జారిందా అని ఎన్నిసార్లడుగుతారు? మీరడిగే తీరు చూస్తే, అవునని తలూపేసి ఇంటికి పోరా నాయనా అని బతిమాలుతున్నట్టుంది. మీది మంచి మనసే, కాదనను. ముందు నా మాట కాస్త వినండి.

వద్దు సార్, నీళ్ళు ఆ గాజు గ్లాసులో వద్దు, ఇవాళ్టికి గాజు ముట్టుకోలేను. స్టీలుది ఉంటే ఇవ్వండి. ఆఁ, నవ్వారు! నవ్వండి, పర్లేదు. మధ్యాహ్నం నుంచి నా ముందు ఎవరూ నవ్వలేదు.

మా బావ అద్దాల కొట్లో పని మీకు తెలిసుండదు. మనిషంత ఎత్తు అద్దం పలకని ఇద్దరం కలిసి ఎత్తుతాం. ఇటు నేను, అటు బావ. కట్టుబాటు ఒక్కటే. వదిలే ముందు నోటితో చెప్పాలి. "వదులుతున్నా" అనాలి, అవతలివాడు "ఊఁ" అనాలి. చెప్పకుండా వదిలినవాడికి ఏ కొట్లోనూ పని దొరకదు. పామునైనా నమ్ముతారు గానీ వాణ్ణి నమ్మరు. ఇది నాకు నేర్పింది బావే. చెంప పగలగొట్టి మరీ నేర్పాడు.

నేనేమో కొంచెం కలల మనిషిని. "వీడు ఆకాశంలో అద్దె కట్టకుండా కాపురం ఉంటున్నాడు" అనేవారు మా పంతులుగారు. అద్దం ఎత్తి పట్టుకుంటే ఎదురు కొట్లో టైలరు గారి అమ్మాయి కనిపించేది, తల వంచుకుని కాజాలు కుడుతూ. అద్దం అంచున లేతాకుపచ్చ రంగుంటుంది, ఎప్పుడైనా చూశారా? అందులోంచి చూస్తే ఆ పిల్ల నీళ్ళ అడుగున కూర్చుని కుడుతున్నట్టుండేది. బరువు తెలిసేదే కాదు సార్!

అదే అద్దంలోంచి మా అక్కనీ చూశాను.

అసలు సంగతి అదీ. నా చేతులు ఖాళీగా ఉంటే బావ అక్క మీద చెయ్యెత్తడు. ఒకసారి అడ్డం వెళ్ళి గొంతు పట్టుకున్నాను లెండి. అప్పట్నుంచి తెలివి మీరాడు. పలక ఎత్తించేవాడు. దాన్ని చెక్కముక్క మీద నిలబెట్టి బరువంతా నా భుజం మీదికి వాల్చేవాడు. "వదులుతున్నా" అనేవాడు. నేను "ఊఁ" అనాలిగా? అనగానే ఆయన చేతులు ఖాళీ, నా చేతుల నిండా అద్దం. అప్పుడు అక్కని పిలిచేవాడు.

కదిలితే అద్దం పడుతుంది. కట్టుకొయ్యలా నిలబడాల్సిందే. అవతల సినిమా చూసినట్టు అంతా తేటగా కనిపిస్తుంది. బెల్టు, జుట్టు పట్టి ఈడ్చడం, అక్క పళ్ళ మీద నెత్తురు. పైగా గాజులో నా మొహం సరిగ్గా ఆయన వీపు మీదే పడేది. కొడుతున్నది నేనే అనిపించేది సార్, ఒట్టు!

ఇవాళ భోజనం డబ్బా ఆలస్యంగా తెచ్చిందని. అంతే, ఇంకేం లేదు. పలక నా మీదికి వాల్చి ఇనుప స్కేలు అందుకున్నాడు. మొదటి దెబ్బకే కనుబొమ్మ చీలింది. తర్వాతది చెవి మీద. అక్క అరవలేదు. "తమ్ముడు చూస్తున్నాడండీ" అంది. సిగ్గుపడింది సార్! దెబ్బకి కాదు, నేను చూస్తున్నందుకు.

"చూడనీ, నేర్చుకుంటాడు. రేపు వాడూ పెళ్ళి చేసుకునేవాడేగా!" అని జుట్టు గుప్పిట పట్టి తల బల్ల అంచుకేసి కొట్టాడు. ఆ చప్పుడు చెవుల్లోంచి పోవట్లేదు.

అక్క మోకాళ్ళ మీద పడి బల్ల కిందికి పాకింది. బయటికి ఈడ్చడానికి బావ వంగాడు.

ఆ తర్వాత వాన, అద్దాల వాన. ఎంత అందంగా ఉందో చెబితే తిడతారు. ఎండంతా ముక్కలై ఆయన వీపు మీద కురిసింది. ఒక్క క్షణమే. తర్వాత అంతా ఎరుపు. భుజం దగ్గర మాంసం నోరు తెరిచింది, లోపల ఎముక తెల్లగా కనిపించింది. ఆ అరుపుకి వీధి వీధంతా వచ్చి పడింది.

ఇప్పుడు అందరిదీ ఒకటే పాట. ఆసుపత్రిలో బావ కూడా జారిందనే అన్నాడట కదా? అనడా మరి! బామ్మర్ది చేతిలో నరికించుకున్నానంటే పరువేం కావాలి? కుడిచెయ్యి ఇక లేవదంటున్నారు, కొట్టుకి నేను కావాలి. కొట్టు పైన గది నాకే ఇస్తానన్నాడట. టైలరు గారూ కబురు పంపారు, జారిందని చెప్పి బయటికొస్తే పిల్లనిస్తారట. చూశారా, నేను కన్న కలలన్నీ మీ గుమ్మం బయట క్యూ కట్టాయి!

ఆ బెంచీ మీద కూర్చుని ఒక్కొక్కటే తూచాను సార్. ఆ పిల్ల కావాలా? కావాలి. గుండె కోసిచ్చేంత కావాలి. గది? కిటికీ ఉన్న గది సార్, ఆ కిటికీకి వెయ్యడానికి పూల అద్దం కూడా దాచుకున్నాను.

కానీ జారిందని వెనక్కి వెళ్తే? ఆయనకి ఎడమచెయ్యి మిగిలే ఉంది. నా చేతుల్లోకి మళ్ళీ పలక వస్తుంది. జారిందంటే తప్పు అద్దానిది. అద్దానికి ఎవడైనా భయపడతాడా? నాకు భయపడాలి. లోపలికెళ్ళినవాడు ఎప్పుడో ఒకప్పుడు బయటికొస్తాడని ఆయనకి ప్రతి ముద్దకీ గుర్తురావాలి. ఎందుకు చేశావురా అని కోర్టులో అడుగుతారుగా, అప్పుడు అక్క కనుబొమ్మ చూపిస్తాను. అన్నీ పట్టుకుంటానంటే కుదరదు సార్. అక్కని పట్టుకున్నాను. మిగతావి పోనీండి. ఆ పిల్లకి మాత్రం చెప్పండి... వద్దులెండి. ఏం చెప్పకండి.

రాసుకోండి. జారలేదు. అక్క పాదాలు కూడా బల్ల కిందికి లాక్కునేదాకా ఆగాను. ఆయన వీపు నాకెదురుగా వచ్చేదాకా ఆగాను. "వదులుతున్నా" అన్న మాట నాలుక చివరిదాకా వస్తే మింగేశాను. ఆ మాటకొస్తే వదల్లేదు కూడా సార్. తోశాను.

అదుగో, వరండాలో ఏడుస్తున్నది మా అక్కే. "జారిందనరా, నీ కాళ్ళు పట్టుకుంటాను" అని ఇందాకట్నుంచి ఒకటే గోల. నేను సంతకం పెట్టేదాకా తనని లోపలికి రానీకండి సార్. ఆ మొహం చూశానంటే, మీరు చెప్పమన్నదే చెప్పేస్తాను.