సత్రంలో పాలు పొంగించిన రోజు

తప్పులుంటే మన్నించండి. అక్షరాలు యాభై దాటాక నేర్చుకున్నాను, ఇప్పటికీ కూడబలుక్కునే రాస్తాను.

రేపల్లె స్టేషను దగ్గర ఏళ్ల తరబడి మూతపడ్డ పాత సత్రాన్ని భర్తలు పోయిన ఇద్దరు స్నేహితురాళ్లు బాగుచేశారు. బాటసారుల కోసం దాన్ని తెరిచే రోజున, పొయ్యి ముందు కూర్చున్న పెద్దావిడ దగ్గరికి ఆమె మరిది వచ్చాడు.

“వదినా, మీరు లేవండి. పాలు ముత్తైదువ పొంగించాలి. మా ఆవిడ్ని తీసుకొచ్చాను.”

“మంచిపని చేశావు, కూర్చోమను. మొదటి గ్లాసు తనకే ఇస్తా.”

“వేళాకోళం కాదండి. మీ చేత్తో పొంగిస్తే ఈ గుమ్మం ఎవరు తొక్కుతారు?”

“గబ్బిలాల్ని తరిమిన రోజు ఏ ముత్తైదువనూ తీసుకురాలేదేం నాయనా? సున్నంలో బెల్లం నీళ్లు కలిపి నేనూ దానమ్మా మెత్తిన గోడలేగా ఇవి? కూలాయా?”

“నలుగురూ ఏమనుకుంటారు?”

“రాత్రి బండి దిగి, గది దొరక్క ప్లాట్‌ఫారం మీద కూర్చునే ఆడవాళ్లు ఆ నలుగురిలో ఉన్నారా?”

“అన్నయ్య ఉంటే ఒప్పుకునేవాడు కాదు.”

“ఆయన ఉంటే నేనే ముత్తైదువనయ్యా. అప్పుడూ ఈ చెయ్యే కదా!”

పాలు పొంగాయి. ఆమె మసిగుడ్డ అందుకోలేదు. పొయ్యి మీదికి కారేదాకా చూసింది.

“దానమ్మా! తలుపులు రెండూ బార్లా తియ్యవే!”

ఆ పాలు పొంగించిందీ, ఇది రాసిందీ మాణిక్యాంబ, అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు ఉండేది ఆ సత్రంలోనే, వీధివైపు గదిలో.