ఇరవై మూడో నంబరు

అలేఖ్య యూనివర్సిటీలో రక్తనాళాల మీద పరిశోధన చేస్తోంది. తార్నాకలో ఆమెతో ఒకే గదిలో ఉండే మహేశ్వరి, హాస్టల్ ఆఫీసులో పని చూసుకుంటూనే, అడిగిందే తడవుగా ఆమె పరిశోధనలో పరీక్షలు చేయించుకోవడానికి పేరిచ్చింది. స్నేహితురాలి మీద ఆమెకున్న నమ్మకం అంతా ఇంతా కాదు.

“అబద్ధం చెప్పకు అలేఖ్యా. పోయినేడే నీకు ఎర్కనా, కాదా?”

“ముందు కూర్చోవే. ఎవరు చెప్పారు?”

“స్కాన్ తీసే అమ్మాజీ మేడం. ‘పోయినసారే బాలేదు, ఇప్పుడింకా తగ్గిందమ్మా, డాక్టర్‌కి చూపించుకోలేదా?’ అన్నది. బిత్తరపోయిన. ఏం తగ్గింది?”

“చేతికి పట్టీ బిగించి, అయిదు నిమిషాలకు వదులుతాం కదా. రక్తం ఒక్కసారిగా వచ్చినప్పుడు నాళం విచ్చుకోవాలి. లోపలి పొర బాగుంటేనే విచ్చుకుంటుంది. ఒంట్లో కొవ్వు పెరిగితే ఆ పొర...”

“పాఠం చెప్పకు. నాది?”

“సరిగ్గా విచ్చుకోవట్లేదు.”

“ఏడాది సంది!”

“అది జబ్బు కాదే. ముందు హెచ్చరిక, అంతే. నడిస్తే, బరువు తగ్గితే చాలావరకు బాగవుతుంది.”

“మా అమ్మ నలభై ఆరేండ్లకే గుండెపోటుతోటి పోయింది. నీ ఒళ్లె తల వెట్టి ఏడ్చిన. గా హెచ్చరిక నాకెందుకు చెప్పలే?”

“చెప్పకూడదే. చీట్లు తీసి సగం మందిని రోజూ నడిపించాం. మిగతా వాళ్లకి ఏమీ చెప్పకుండా ఎప్పట్లాగే ఉండనిచ్చాం. ఏడాదికి తేడా చూడాలి. నీ చీటీ రెండో గుంపులో వచ్చింది. ఇరవై మూడో నంబరు.”

“నంబరా? ఒక్క కంచంల తిన్నం కదనే!”

“నువ్వు మారితే ఫలితం చెడుతుంది. మా సార్ ఊరుకోరు. మిగతా వాళ్లకీ చెప్పలేదు, నీకొక్కదానికే...”

“ఆగు. ఆగాగు. శ్రావణంల నేనే అన్న గద, పొద్దుగాల లైబ్రరీ దాకా నడుద్దామని. కొత్త బూట్లు గూడ కొన్న.”

“మహేశ్వరీ...”

“ఒక్కదాన్నే పోవాల్నంటె కుక్కల భయం, నువ్వుంటెనే పోత అన్న. రోజు లేపిన. రోజు ‘మోకాలు నొప్పే, రేపు చూద్దాం’ అన్నవు.”

“ఇప్పుడవన్నీ ఎందుకే?”

“నెల రోజులు నీ మోకాలుకు నూనె రాసిన. నువ్వు పట్టీ కట్టిన ఈ చేతితోటే. నా మొఖం జూసి చెప్పు. నొప్పుండెనా?”

“లేదు.”